ఆరు నెలల సర్కారులో ఒక భౌతిక శాస్త్రవేత్త: ఏంజెలా మెర్కెల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో డిగ్రీ చదివే పిల్లలు, గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్లు, అప్పుడప్పుడు వాళ్ల ఇళ్లలోని పెద్దలు అడిగే ప్రశ్నలివి. మెర్కెల్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది జర్మనీకి పదహారేళ్లు ఛాన్సలర్‌గా, అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవిలో, ఉండటం. నాకు మాత్రం అంతకంటే ముందు, 1990 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆమె చేసిన చిన్న ఉద్యోగం మీదే ఎక్కువ గురి. పన్నెండేళ్లు పరిశోధనలో గడిపిన మనిషి, రద్దయిపోవడానికే ఏర్పడ్డ ఒక ప్రభుత్వంలో చేరి, రోజూ జనానికి విషయం విప్పి చెప్పే పని చేశారు. పోలీస్ యాక్షన్, హాలీ సిక్కా, ముల్కీ అనే మాటలు తాతల నోట విన్న మనకు ఇది అర్థం కాని కథేమీ కాదు.

ఏ తాత్కాలిక ప్రభుత్వం అది? జర్మనీలో అట్లాంటిది ఉన్నట్టు మేం చదవలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది. తూర్పు ముక్కలో నలభై ఏళ్లు ఒకే పార్టీ పెత్తనం సాగింది. 1989 నవంబర్ 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ తర్వాత తూర్పు జర్మనీలో రెండు ప్రభుత్వాలు వచ్చాయి. మొదటిది హన్స్ మోద్రోది. పాత పార్టీ మనిషే అయినా, 1990 ఫిబ్రవరిలో ఉద్యమకారులను మంత్రివర్గంలోకి తీసుకున్నారు. రెండోది 1990 మార్చి 18న జరిగిన మొట్టమొదటి స్వేచ్ఛాయుత ఎన్నికల్లో గెలిచి వచ్చిన లోథర్ డి మెజియేర్ ప్రభుత్వం. ఆ ఎన్నికల్లో నూటికి 93 మందికి పైగా ఓటేశారు. ఏప్రిల్ 12న గద్దెనెక్కిన ఆ ప్రభుత్వం అక్టోబర్ 2తో ముగిసింది. మర్నాటికి తూర్పు జర్మనీ అనే దేశమే లేదు.

మెర్కెల్ ఈ రెండో ప్రభుత్వానికి ఉప అధికార ప్రతినిధి. అప్పుడు ఆమెకు 35 ఏళ్లు.

ఆమె నిజంగా శాస్త్రవేత్తేనా? పట్టా ఉంటే చాలు, శాస్త్రవేత్త అని రాసేస్తారు కదా.

ఆ అనుమానం మంచిదే. ఆమె విషయంలో మాత్రం అది నిలబడదు. 1973 నుంచి 1978 దాకా లైప్జిగ్‌లో భౌతిక శాస్త్రం చదివారు. 1978 నుంచి 1990 దాకా తూర్పు బెర్లిన్ శివారు ఆడ్లర్స్‌హోఫ్‌లో, సైన్సెస్ అకాడమీకి చెందిన భౌతిక రసాయన శాస్త్ర కేంద్ర సంస్థలో పనిచేశారు. 1986లో డాక్టరేట్ వచ్చింది.

ఆమె పరిశోధన ఏమిటని బీఎస్సీ పిల్లలు అడుగుతారు. వాళ్లకు చెప్పేది ఇది. ఒక అణువులో ఒకే ఒక్క బంధం తెగి, అది రెండు ముక్కలయ్యే చర్య తీసుకోండి. ఆ చర్య ఎంత వేగంగా జరుగుతుందో ప్రయోగం చేసి కొలవవచ్చు. లేదా క్వాంటం యాంత్రిక శాస్త్రం, గణాంక పద్ధతులు కలిపి ముందే లెక్కగట్టవచ్చు. ఆమె రెండో దారి పట్టారు. మన మూడో సంవత్సరం కెమిస్ట్రీలో వచ్చే రేటు స్థిరాంకం ఉంది చూడండి, దాన్ని మొదటి సూత్రాల నుంచి రాబట్టడం అన్నమాట. పరీక్ష నాళికలు పట్టుకునే పని కాదు. కాగితం, కంప్యూటర్, ఓపిక ఉండాలి.

హాంబర్గ్‌లో పుట్టి తూర్పు జర్మనీలో ఎందుకు పెరిగారు?

తండ్రి హోర్స్ట్ కాస్నర్ లూథరన్ పాస్టర్. 1954లో ఆమె పుట్టిన కొద్ది వారాలకే చర్చి పని మీద ఆ కుటుంబం తూర్పుకు వెళ్లింది. జనమంతా పడమటికి పారిపోతున్న రోజుల్లో వీళ్లు ఎదురు దారి పట్టారు. ఆమె పెరిగింది టెంప్లిన్ అనే చిన్న ఊళ్లో.

అన్నీ వదిలి భౌతిక శాస్త్రమే ఎందుకు ఎంచుకున్నారు?

దీనికి ఆమే 2020 డిసెంబర్‌లో పార్లమెంటులో జవాబు చెప్పారు. తూర్పు జర్మనీలో చాలా వాటిని రద్దు చేయవచ్చు గానీ గురుత్వాకర్షణను, కాంతి వేగాన్ని ఎవరూ రద్దు చేయలేరన్న నమ్మకంతోనే ఆ చదువు ఎంచుకున్నానన్నారు. చరిత్ర చదివినా, న్యాయశాస్త్రం చదివినా పార్టీ చెప్పిందే రాయాల్సిన చోట అది చాలా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. పాస్టర్ బిడ్డకు మరీను.

రహస్య పోలీసులకు పనిచేశారంటారు, నిజమా?

ఇల్మెనావులోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు తూర్పు జర్మనీ రహస్య పోలీసు సంస్థ స్టాసీ మనుషులు తమకు సమాచారం ఇవ్వమని అడిగారని, నా నోట్లో మాట ఆగదని చెప్పి తప్పించుకున్నానని ఆమే చెప్పారు. ఆ ఉద్యోగం రాలేదు. అధికార యువజన సంఘంలో మాత్రం ఆమె సభ్యురాలు. ఆ సంఘంలో ఆమె ఏం పని చూశారన్న దానిపై ఇప్పటికీ వాదనలున్నాయి. ఆమెను వీరనారిగా చిత్రించే వ్యాసాలు ఈ సంగతి దాటేస్తాయి. ఆమె ఎదురు తిరిగి జైలుకెళ్లిన మనిషి కాదు, తల వంచి మాటలు మోసిన మనిషీ కాదు. అక్కడి లక్షల మంది లాగే సందు చూసుకుని బతికారు.

మరి రాజకీయాల్లోకి ఎట్లా వచ్చారు?

గోడ తెరుచుకున్న నెలకు, 1989 డిసెంబర్‌లో, ‘డెమోక్రటిక్ అవేకెనింగ్’ అనే కొత్త పార్టీ ఆఫీసుకు వెళ్లారు. పడమటి నుంచి సాయంగా వచ్చిన కంప్యూటర్లు పెట్టెల్లోనే ఉన్నాయి. వాటిని విప్పి పనిచేయించడం ఆమె మొదటి రాజకీయ సేవ. త్వరలోనే ఆ పార్టీకి పత్రికా ప్రతినిధి అయ్యారు.

ఎన్నికలకు నాలుగు రోజుల ముందు పిడుగు పడింది. పార్టీ అధ్యక్షుడు వోల్ఫ్‌గాంగ్ ష్నుర్ ఏళ్ల తరబడి స్టాసీకి సమాచారం ఇచ్చాడని తేలి రాజీనామా చేశాడు. విలేకరులకు జవాబు చెప్పాల్సిన కుర్చీలో మెర్కెల్ ఉన్నారు. పార్టీకి వచ్చిన ఓట్లు 0.9 శాతం. 400 సీట్లలో 4. కానీ ఆ పార్టీ ఉన్న కూటమి నెగ్గింది. కూటమి వాటా కింద పదవులు పంచినప్పుడు ఆమెకు ఈ ఉప ప్రతినిధి పదవి దక్కింది. ఒక శాతం ఓట్లు కూడా లేని పార్టీ నుంచి వచ్చిన మనిషి పదిహేనేళ్ల తర్వాత ఏకమైన దేశానికే ఛాన్సలర్ అయ్యారు. ఎన్నికల ఫలితాల పట్టిక చూసి మనుషుల భవిష్యత్తు చెప్పేవాళ్లు దీన్నొకసారి చదవాలి.

ఆమె ఒక్కరేనా, ఇంకా శాస్త్రవేత్తలు ఉన్నారా?

చాలామంది ఉన్నారు. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే విషయం ఇదే. ‘న్యూ ఫోరం’ ఉద్యమాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన జెన్స్ రైష్ అణు (మాలిక్యులర్) జీవశాస్త్రవేత్త. మోద్రో మంత్రివర్గంలో శాఖ లేని మంత్రిగా చేరిన సెబాస్టియన్ ఫ్లుగ్‌బైల్ భౌతిక శాస్త్రవేత్త. అదే మంత్రివర్గంలో గ్రీన్ పార్టీ తరఫున చేరిన మథియాస్ ప్లాట్‌సెక్ పర్యావరణ రంగంలో పనిచేసిన ఇంజనీరు. తర్వాత బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు.

ఎందుకింత మంది? వకీళ్లు, ప్రొఫెసర్లు, సంపాదకులు, ఆఫీసర్లు చాలావరకు పాత పార్టీతో ముడిపడి ఉన్నారు. జనం వాళ్లను నమ్మే స్థితిలో లేరు. పార్టీ నీడ తక్కువ పడ్డ చోట్లు రెండే మిగిలాయి: చర్చి, ప్రకృతి శాస్త్రాల సంస్థలు. అందుకే ఆ కొత్త అసెంబ్లీలో పాస్టర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు, శాస్త్రవేత్తలు అంతమంది కనబడతారు.

ఫ్లుగ్‌బైల్ చేసిన పని మన జిల్లావాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మంత్రిగా ఆయన పట్టుబట్టి అణు విద్యుత్ కేంద్రాల భద్రత కాగితాలు బయటపెట్టించారు. గ్రైఫ్స్‌వాల్డ్ దగ్గరి సోవియట్ నమూనా రియాక్టర్లు 1990లోనే మూతపడ్డాయి. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గని తవ్వుతామన్నప్పుడు, ఆ తర్వాత నల్లమలలో అమ్రాబాద్ వైపు సర్వే మాట వచ్చినప్పుడు మన పల్లెల్లో జనం అడిగింది ఒకటే. మా నీళ్లకు, మా పశువులకు ఏమవుతుందో మాకు తెలిసే మాటల్లో చెప్పండి అని. 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ కాగితాలను చదివి, వాటిలో ఏముందో అందరికీ చెప్పగలిగిన మనిషి సర్కారు లోపలే ఉంటే ఎంత తేడా పడుతుందో గ్రైఫ్స్‌వాల్డ్ చూపిస్తుంది.

ఉప అధికార ప్రతినిధి అంటే ప్రెస్ నోట్లు చదవడమే కదా? దాన్నెందుకు అంత పెద్దగా చెప్తున్నారు?

ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో చూడండి. మే 18న రెండు జర్మనీల మధ్య ద్రవ్య, ఆర్థిక, సామాజిక ఒప్పందం కుదిరింది. జూలై 1న తూర్పు జర్మనీ కరెన్సీ పోయి పశ్చిమ మార్కు వచ్చింది. ఆగస్టులో కూటమి నుంచి సోషల్ డెమోక్రాట్లు బయటికి పోయారు. ఆగస్టు 23 తెల్లవారుజామున అసెంబ్లీ 294 ఓట్లతో విలీనానికి తేదీ ఖాయం చేసింది. వ్యతిరేకించినవాళ్లు 62 మంది. ఆగస్టు 31న విలీన ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సెప్టెంబర్ 12న మాస్కోలో రెండు జర్మనీలు, రెండో ప్రపంచ యుద్ధంలో గెలిచిన నాలుగు దేశాలు కలిసి మరో ఒప్పందం చేసుకున్నాయి. మధ్యలో అసెంబ్లీ నూటయాభైకి పైగా చట్టాలు చేసింది.

వీటిలో ప్రతి ఒక్కటీ మామూలు మనిషి ఇంటిని తాకేదే. నా జీతం ఎంత? నా పింఛను ఏమవుతుంది? ఇంటి అద్దె పెరుగుతుందా? పడమటికి పారిపోయిన పాత యజమాని వచ్చి ఇల్లు ఖాళీ చేయమంటే? ఒప్పందాల భాష వకీళ్ల భాష. దాన్ని విలేకరులకు, వాళ్ల ద్వారా జనానికి తేటగా చెప్పాలి. చెప్పిన మాట రేపు అబద్ధం కాకూడదు. ప్రధాన ప్రతినిధి మథియాస్ గేలర్. ఆయనతో కలిసి ఈ భారం మోసింది మెర్కెల్. ఆమెకు రష్యన్ బాగా వచ్చు. బడి రోజుల్లోనే రష్యన్ ఒలింపియాడ్‌లో గెలిచారు. డి మెజియేర్ విదేశీ పర్యటనల్లో ఆమె వెంట ఉన్నారు.

పెద్ద భాష్యం అక్కర్లేదు. తెలిసింది ఎంత, తెలియనిది ఎంత అని గీత గీసి మాట్లాడటం పరిశోధనలో అలవాటయ్యే పని. అంతా తలకిందులవుతున్న రోజుల్లో జనానికి కావలసింది సరిగ్గా అదే. ఆమెను అప్పుడు చూసినవాళ్ల మన్నన ఆమె సంపాదించింది ఉపన్యాసాలతో కాదు, ఈ గుణంతోనే అని నా నమ్మకం.

కరెన్సీ ఒక్క రోజులో ఎట్లా మారుతుంది? మన హాలీ సిక్కాకు అట్లా కాలేదు కదా.

మంచి పోలిక తెచ్చారు. హైదరాబాద్ సంస్థానానికి సొంత రూపాయి ఉండేది. దాన్నే మనవాళ్లు హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అన్నారు. ఇండియా రూపాయిని కల్దార్ అన్నారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. 1948లో సంస్థానం ఇండియాలో కలిసిన తర్వాత కూడా ఆ రెండూ కొన్నేళ్లు పక్కపక్కనే చెలామణి అయ్యాయి. నల్లగొండ అంగట్లోనైనా, పాలమూరు సంతలోనైనా బేరం చేసేటప్పుడు ఏ రూపాయో చెప్పాల్సిందే. జనానికి అలవాటు పడే సమయం దొరికింది.

తూర్పు జర్మనీలో ఆ వెసులుబాటు లేదు. 1990 జూలై 1 ఆదివారం నాడు మార్పు మొదలైంది. జీతాలు, పింఛన్లు, అద్దెలు ఒకటికి ఒకటి. బ్యాంకులో దాచుకున్న సొమ్ములో పిల్లలకు 2,000, పెద్దలకు 4,000, అరవై నిండినవారికి 6,000 మార్కుల వరకు ఒకటికి ఒకటి. అంతకు మించినదానికి రెండుకు ఒకటి. దాచుకున్నవాళ్లకు అది పండగే. కానీ ఫ్యాక్టరీలు ఆ దెబ్బకు ఆగాయి. నిన్నటిదాకా తూర్పు మార్కుల్లో ఇచ్చిన జీతం ఇవాళ గట్టి కరెన్సీలో ఇవ్వాలి. సరుకు కొనే పోలండ్, సోవియట్ ఖాతాదార్ల దగ్గర ఆ కరెన్సీ లేదు. ఊళ్లకు ఊళ్లు పని లేక కూర్చున్నాయి.

తప్పెవరిది? ఆలస్యం చేస్తే రోజుకు వేల మంది పడమటికి వలస పోతున్నారు. మార్కు రాకపోతే మేమే మార్కు దగ్గరికి పోతాం అని వీధుల్లో నినాదాలు చేశారు. రాజకీయంగా తప్పించుకోలేని పనే, ఆర్థికంగా మాత్రం దాని బాకీ తూర్పు కార్మికులే తీర్చారు. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచడం ఆ కార్మికుల పట్ల అన్యాయం.

అయితే 1948 తర్వాత మన దగ్గర ఉన్నది కూడా తాత్కాలిక ప్రభుత్వమే కదా? రెండూ ఒకటేనా?

పోలిక ఉంది, తేడా అంతకంటే పెద్దది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చాక మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్ అయ్యారు. 1950 జనవరిలో సివిల్ అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. ఇద్దరినీ మనం ఎన్నుకోలేదు. వెల్లోడి మంత్రివర్గంలో పనిచేసిన మన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు, 1952 ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. అదే ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు.

అంటే మనకు మధ్యకాలపు పాలన మూడున్నరేళ్లు సాగింది, ఓటు చివర వచ్చింది. తూర్పు జర్మనీలో ఓటు ముందు వచ్చింది. ఓటు తెచ్చుకున్న ప్రభుత్వమే ఒప్పందం మీద సంతకం చేసింది. ఇంకోటి, అక్కడ రక్తం చిందలేదు. ఇక్కడ సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది. నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో ఆ కాలంలో పోయినవాళ్ల పేర్లు స్తూపాల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఈ తేడా మర్చిపోయి రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఒక్క చోట మాత్రం రెండు అనుభవాలూ నిజంగా కలుస్తాయి. విలీనం తర్వాత బయటి నుంచి అధికారులు, పంతుళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చోవడం. మన దగ్గర అది 1952 ముల్కీ ఉద్యమమైంది. వరంగల్‌లో రాజుకుని హైదరాబాద్‌లో కాల్పుల దాకా వెళ్లింది. తూర్పు జర్మనీలో జడ్జీలు, ప్రొఫెసర్లు, కంపెనీ పెద్దలు పడమటి నుంచి దిగారు. అక్కడివాళ్లలో రెండో తరగతి పౌరులమన్న బాధ ఇప్పటికీ పోలేదు. మనకు చెప్పక్కర్లేదు.

ఆమె పనిచేసిన పరిశోధన సంస్థ ఏమైంది?

మూతపడింది. విలీన ఒప్పందం ప్రకారం సైన్సెస్ అకాడమీ సంస్థలకు 1991 చివరి దాకే నిధులు. ఈ లోపు నిపుణుల బృందాలు ఒక్కో విభాగాన్ని పరిశీలించి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో సిఫారసు చేశాయి. కొన్ని వేరే సంస్థల్లో కలిశాయి. చాలామంది పరిశోధకులు నలభై, యాభై ఏళ్ల వయసులో రోడ్డున పడ్డారు.

మెర్కెల్ ప్రతినిధిగా ఉన్న ప్రభుత్వం సంతకం పెట్టిన ఒప్పందమే ఆమె తోటి పరిశోధకుల గదులకు తాళం వేయించింది. నాకు ఇందులో చాలా బాధ కనిపిస్తుంది. ఆమె ముందే బయటికొచ్చారు కాబట్టి నిలదొక్కుకున్నారు. ఆడ్లర్స్‌హోఫ్ ఇప్పుడు పెద్ద సైన్స్, టెక్నాలజీ కేంద్రం. హుంబోల్ట్ విశ్వవిద్యాలయం ప్రకృతి శాస్త్ర విభాగాలు అక్కడే ఉన్నాయి. ఆ చోటు బాగుపడింది. తాళం పడిన రోజు అక్కడున్నవాళ్లందరూ బాగుపడ్డారని చెప్పలేం.

ఆ తర్వాత పదవులు?

1990 డిసెంబర్‌లో బాల్టిక్ తీరంలోని స్ట్రాల్‌జుండ్ ప్రాంతం నుంచి పార్లమెంటుకు గెలిచారు. 1991లో మహిళా, యువజన మంత్రి. 1994లో పర్యావరణ మంత్రి. 1995లో బెర్లిన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి మొదటి వాతావరణ సదస్సుకు ఆమే అధ్యక్షురాలు, క్యోటో ఒప్పందానికి దారి అక్కడే పడింది. 2000లో క్రిస్టియన్ డెమోక్రటిక్ యూనియన్ (సీడీయూ) పార్టీ అధ్యక్షురాలు. 2005 నవంబర్ 22 నుంచి 2021 డిసెంబర్ 8 దాకా ఛాన్సలర్.

శాస్త్రవేత్త కాబట్టే మంచి పాలకురాలు అయ్యారా?

ఈ ప్రశ్న అడిగే పిల్లలు ‘అవును’ అనే జవాబు కోరుకుంటారు. నేను అంత సులువుగా అనలేను. 2010లో అణు కేంద్రాల గడువు పొడిగించింది ఆమె ప్రభుత్వమే. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరగ్గానే ఆ నిర్ణయం తిరగేసి 2022కల్లా అన్నీ మూసేస్తామన్నదీ ఆమె ప్రభుత్వమే. భౌతిక శాస్త్రం ఆ కొద్ది నెలల్లో మారలేదు. ప్రమాదం పట్ల ఆమె అంచనా, దానితో పాటు ఓటరు మనసు మారాయి. రష్యా గ్యాస్ మీద దేశం అంతగా ఆధారపడటానికి ఆమె ఏళ్లలోనే పునాది గట్టిపడిందన్న విమర్శలో బలం ఉంది.

విప్పి చెప్పే విషయంలో మాత్రం ఆమెకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వేళ చెప్పిన లెక్క చూడండి. ఒక రోగి సగటున ఒకరికి అంటిస్తే ఇప్పుడున్నట్టే ఉంటాం. అది 1.1 అయితే అక్టోబర్‌కల్లా ఆస్పత్రుల సామర్థ్యం నిండిపోతుంది. 1.2 అయితే జూలైలో, 1.3 అయితే జూన్‌లోనే. దశాంశం తర్వాత ఒక్క అంకె మారితే నెలలు ఎట్లా కరిగిపోతాయో కోట్ల మందికి రెండు నిమిషాల్లో తెలిసింది. 1990లో ఒప్పందాలు విప్పి చెప్పిన మనిషే ఇక్కడా కనిపిస్తారు.

నల్లగొండ వాళ్లకు అంకె విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మర్రిగూడ వైపు వంగిన నడుములు, వంకరపోయిన కాళ్లు చెప్తాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు మన జిల్లా పేరే పెట్టారు. శాస్త్రం మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది. కానీ ఆ అంకెను, దాని పర్యవసానాన్ని ఏళ్ల తరబడి ప్రతి సర్కారు ముందు పెట్టి, ఈ తారీఖు దాటితే ఇంతమంది పిల్లల ఎముకలు పోతాయని కూర్చోబెట్టి చెప్పే గొంతు పదవిలో ఉండి ఉంటే, కృష్ణా నీళ్లు మన ఊళ్లకు ఇంకొన్నేళ్లు ముందే వచ్చేవని నేను గట్టిగా నమ్ముతాను.

ఛాన్సలర్ అంటే రాష్ట్రపతి లాంటి పదవా?

కాదు. మన ప్రధానమంత్రి లాంటిది. జర్మనీకి అధ్యక్షుడు వేరే ఉంటారు.

ఇట్లా మధ్యకాలపు ప్రభుత్వాల్లో పనిచేసిన శాస్త్రవేత్తలు ఇంకెవరు? పరీక్షకు పనికొచ్చేలా చెప్పండి.

ముగ్గురిని గుర్తుంచుకోండి. భూరసాయన శాస్త్రవేత్త వ్లాదిమిర్ వెర్నాద్‌స్కీ, జీవావరణం అనే భావనను శాస్త్రంగా నిలబెట్టినవారు. 1917లో జారు పోయి బోల్షెవిక్‌లు ఇంకా రాని ఆ నెలల్లో రష్యా తాత్కాలిక ప్రభుత్వంలో విద్యాశాఖ ఉపమంత్రిగా ఉన్నారు. రసాయన శాస్త్రవేత్త ఖైమ్ వైజ్‌మన్, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు బాక్టీరియా సాయంతో అసిటోన్ తయారుచేసే పద్ధతి ఇచ్చారు. 1948లో ఇజ్రాయెల్ తాత్కాలిక రాజ్య మండలికి అధ్యక్షుడై, మరుసటి ఏడాది ఆ దేశపు మొదటి అధ్యక్షుడయ్యారు. మూడోవారు అబ్దుర్రహీం అల్ కీబ్, విద్యుత్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. గడాఫీ పతనం తర్వాత 2011 నవంబర్ నుంచి ఏడాది పాటు లిబియా తాత్కాలిక ప్రధాని.

మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహాను ఈ జాబితాలో కలిపి రాయకండి. 1952లో కలకత్తా నుంచి లోక్‌సభకు గెలిచారు, నదుల మీద, ప్రణాళికల మీద ప్రభుత్వాన్ని నిలదీశారు, కానీ ఏ మంత్రివర్గంలోనూ లేరు.